మరలున్న బొమ్మ

పాత రిమోట్ కారు ఏది చేతికొచ్చినా నేను ముందు చూసేది మోటారు కాదు, మట్టి. గేరుబాక్సు మూత సందుల్లో, ముందు చక్రాల వెనక, బ్యాటరీ అర మూలల్లో పేరుకున్న మట్టిని బట్టి ఆ బండి ఏ నేల మీద తిరిగిందో చాలావరకు తెలిసిపోతుంది. జుమ్మేరాత్ బజార్ పాత సామాన్ల సంతలో నాకు దొరికిన దానిలో మన ఎర్రమట్టి లేదు, నల్లరేగడి అసలే లేదు. వేళ్ళ మధ్య నిలవకుండా జారిపోయే సన్నటి లేత ఇసుక ఉంది. బ్యాటరీ మీద అరబ్బీ అక్షరాల చీటీ సగం ఊడి ఉంది. గల్ఫ్‌లో ఎవరో పిల్లాడు ఆడి పారేస్తే, అక్కడ పనికి వెళ్ళిన మనవాడెవరో సామాన్లలో సర్దుకుని తెచ్చి ఉంటాడని ఊహించుకున్నాను. ఊహే, రుజువేమీ లేదు.

"నడుస్తుందా భాయ్?" అంటే, "బ్యాటరీ ఏస్తే ఎందుకు నడ్వది సార్, జపాన్ మాల్" అన్నాడు అమ్మేవాడు. నడవదని ఇద్దరికీ తెలుసు. జపాన్ మాల్ అన్న మాట మాత్రం అక్షరాలా నిజం. అది టమియా వాళ్ళ గ్రాస్‌హాపర్.

టమియా 1946లో షిజువోకాలో కలప వ్యాపారంగా మొదలైన సంస్థ. చెక్క బొమ్మలు చేసింది, ఆ తర్వాత ప్లాస్టిక్ నమూనాల్లోకి మారింది, 1976లో పోర్షా 934తో రేడియో కార్లలోకి దిగింది. గ్రాస్‌హాపర్ 1984లో వచ్చింది. అసలు బండిలో పదోవంతు కొలత, చిన్న 380 మోటారు, తెల్ల ప్లాస్టిక్ ఒళ్ళు. ఈ సరదాలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం చవగ్గా చేసిన బండి. అదే ఏడాది వచ్చిన హార్నెట్ దీనికి అన్న వరస. చట్రం దాదాపు ఒకటే, మోటారు మాత్రం పెద్దది.

ఈ కథలో నాకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. పెట్టె తెరిస్తే అందులో కారు ఉండదు. ముక్కలుంటాయి, నంబర్లు వేసిన సంచుల్లో మరలుంటాయి, బొమ్మలతో నిండిన పుస్తకం ఉంటుంది. కొన్నవాడే కట్టుకోవాలి. ఏ మర ఎంత పొడుగుందో ఆ పుస్తకంలో అసలు కొలతకే గీసి ఉంటుంది, మరను కాగితం మీద పెట్టి సరిచూసుకోవచ్చు. పన్నెండేళ్ళ పిల్లాడు కట్టగలిగేలా గీసిన బండిని అరవై ఏళ్ళవాడు విప్పలేకపోవడమంటూ ఉండదు. రిపేరు అనే మాట ఎక్కడా రాయకుండానే రిపేరు ఎలా చెయ్యాలో ఆ పుస్తకం ముందే నేర్పేసింది. వెనక పేజీ నుంచి ముందుకు చదువుకుంటే చాలు.

విప్పడం అంటే మొదటి గండం మరలే. మన ఇళ్ళలో ఉండే స్టార్ స్క్రూడ్రైవరు జపాన్ మరలకు సరిగ్గా కూర్చోదు. రెండూ కంటికి ఒకలాగే ఉంటాయి, గాడి లోతూ వాలూ వేరు. గట్టిగా తిప్పితే మన స్క్రూడ్రైవరు పైకి లేచి గాడిని గుండ్రంగా అరగదీసేస్తుంది. పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజను పక్క మూతలు చూసినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఆ మరల తలలన్నీ నలిగి, చివరికి ఉలీ సుత్తీ దెబ్బలు తిని ఉంటాయి. జపాన్ కొలత స్క్రూడ్రైవర్లు ఇప్పుడు ఇక్కడ కూడా దొరుకుతున్నాయి. ఈ పనిలో నేను డబ్బుకి వెనకాడని కొనుగోలు అదొక్కటే.

మర తీయడం కంటే మళ్ళీ పెట్టడం కష్టం. ఇవి ప్లాస్టిక్‌లోకి తామే దారి చేసుకుంటూ దిగే రకం మరలు. నలభై ఏళ్ళ కిందటి దారి ఆ రంధ్రంలో ఇంకా ఉంటుంది. మరను నేరుగా కుడికి తిప్పితే కొత్త దారి కోసుకుంటుంది, రెండు దారులూ కలిసి పొడి అయిపోతాయి, ఇక ఆ రంధ్రం పట్టు వదిలేసినట్టే. ముందు మెల్లగా ఎడమకి తిప్పాలి. ఒకచోట 'టిక్' మని చిన్నగా కిందికి దిగుతుంది. పాత దారి మొదలు అదే. అక్కణ్ణుంచి కుడికి తిప్పితే రెండు వేళ్ళ బలం చాలు. ఇది ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. టేప్‌రికార్డర్లు బాగుచేసే ఓ పెద్దాయన బల్ల పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాను. ఆయన ఆ 'టిక్' వినడం కోసం ఫ్యాను ఆపేసేవాడు.

ఇక కడగడం. మన మెకానిక్కులకు పెట్రోలు సర్వరోగ నివారిణి. ఇనప ముక్కకి ఫరవాలేదు గానీ, బిగుతులో ఉన్న ఇలాంటి ప్లాస్టిక్‌కి పెట్రోలు తగిలితే సన్నటి నెరియలు మొదలవుతాయి. గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్షు చాలు. గేరుబాక్సు లోపల మాత్రం ఓపిక కావాలి. పాత గ్రీజులో ఇసుక కలిస్తే అది వాల్వులు నూరే పేస్టు లాంటిది, బండి నడిచినంతసేపూ పళ్ళని అరగదీస్తూనే ఉంటుంది. ఒక్కో గేరునీ తీసి, పంటి సందులన్నీ శుభ్రం చేసి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడాలి. పంటి కొస కత్తిలా సన్నబడితే ఆ గేరు పని అయిపోయింది. గుండ్రంగా మొద్దుబారి ఉంటే ఇంకా కొంతకాలం లాగుతుంది. ఇందులో మోటారు పక్క గేరు పోయింది, మిగతావి బతికే ఉన్నాయి. కొత్త గ్రీజు పలచగా రాస్తే చాలు. ఎక్కువ పూస్తే అది బయటికి కారి మళ్ళీ మట్టినే పిలుచుకొస్తుంది.

ముందు చక్రాలు పట్టుకుని ఊపితే గలగలలాడాయి. ఫ్యాక్టరీ ఇచ్చినవి ప్లాస్టిక్ బుష్షులు, ఇసుకకి కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయాయి. వాటి బదులు బాల్ బేరింగులు వెయ్యచ్చు. టమియా వాళ్ళు 1150 అని పిలిచే బేరింగు బయటి కొలత 11 మిల్లీమీటర్లు, లోపల 5, మందం 4. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో టమియా అంటే ఎవరికీ తెలియదు, ఎంఆర్115 అంటే మాత్రం తెలుసు. అదే వస్తువు, అదే కొలత. అవి వేశాక చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోసి వదిలేస్తే నేను కాఫీ గుక్క మింగి మళ్ళీ చూసేసరికి ఇంకా తిరుగుతోంది.

మోటారుది మరో దారి. ఈ 380 మోటారు డబ్బా మూసేసి వస్తుంది, లోపలి కార్బన్లు మార్చడానికి వీల్లేదు. క్లీనరు కొట్టి, రెండు కొసల బుష్షుల్లో ఒక్కో చుక్క నూనె వేసి చూశాను. తిరిగింది గానీ కీచుమంది. మొహమాటం లేకుండా మార్చేశాను. కొత్త మోటారుకి కెపాసిటర్లు అతికించడం మాత్రం మర్చిపోకూడదు. కార్బన్ల దగ్గర లేచే నిప్పురవ్వలు రేడియో గోల పుట్టిస్తాయి, దానికి రిసీవరు తడబడి ముందు చక్రాలు వాటంతట అవే వణుకుతాయి. కోఠీ గుజరాతీ గల్లీలో "వన్ ఓ ఫోర్ సిరామిక్" అని అడిగితే గుప్పెడు పోస్తారు. మూడు చాలు. రెండు మోటారు కొసల నుంచి డబ్బాకి, ఒకటి కొసల మధ్య. డబ్బాకి అతికించే ముందు ఆకురాయితో ఆ చోట గీకాలి, లేకపోతే సోల్డరు నిలవదు. డబ్బా వేడినంతా లాగేసుకుంటుంది కాబట్టి సన్నమొన సోల్డరింగ్ ఐరన్ దీనికి పనికిరాదు.

పాత స్పీడు కంట్రోలు చూస్తే ముచ్చటేసింది. రాగి రేకుల మీద ఒక నాలుక జరుగుతుంది, దాన్ని ఓ చిన్న సర్వో మోటారు తోస్తుంది. మెల్లగా పోవాలంటే కరెంటు ఒక రెసిస్టరు గుండా వెళ్ళి వేడిగా మారి వృథా అవుతుంది. అంటే ఈ బండి మెల్లగా నడిచినప్పుడు కూడా బ్యాటరీ పెద్దగా పొదుపు కాదు, పైగా రెసిస్టరు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. రిమోటు 27 మెగాహెర్ట్జ్‌ది. అందులో ఒక క్రిస్టల్, బండిలో దాని జత. ఒకే జత నంబరున్న ఇద్దరు పిల్లలు ఒకే మైదానంలోకి వస్తే ఒకడి రిమోటుకి ఇంకొకడి కారు పరిగెత్తేది. ఆ పాత స్పీడు కంట్రోలునీ రిమోటునీ తీసి భద్రంగా డబ్బాలో పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్ రిమోటు, ఎలక్ట్రానిక్ స్పీడు కంట్రోలు బిగించాను. కారు వీపు మీద ఏంటెన్నా గొట్టం మాత్రం ఉంచాను. అందులో ఇప్పుడు తీగ లేదు. గొట్టం లేని గ్రాస్‌హాపర్‌ని నేను చూడలేను, అంతే.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్న దగ్గరే నాకూ మల్కాజ్‌గిరిలో ఉండే నా మిత్రుడికీ పేచీ. ఆయన చేతిలో పడ్డ పాత కారు పెట్టెలోంచి ఇప్పుడే తీసినట్టు తయారవుతుంది. పసుపెక్కిన తెల్ల ప్లాస్టిక్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడతాడు, నిజంగానే తెల్లబడుతుంది. గీతలన్నీ నీళ్ళ కాగితంతో రుద్దేస్తాడు, కొత్త స్టిక్కర్లు అతికిస్తాడు. "అరిగిపోయిందాన్ని అలాగే ఉంచితే దాన్ని బాగుచెయ్యడం అంటారటయ్యా?" అని నన్ను దెప్పుతాడు. ఆయన పనితనం ముందు నేను దిగదుడుపే, ఒప్పుకుంటాను. కానీ ఆయన కార్లు నేల మీద నడవవు. గాజు అల్మారాలో ఉంటాయి, వాటికి మట్టి అంటితే ఆయన ప్రాణం ఉసూరుమంటుంది.

నేను పెట్టుకున్న హద్దు వేరు. తిరిగేది, కరెంటు మోసేది, బరువు మోసేది ఏదైనా సరే, అరిగితే మార్చేస్తాను. కనిపించేదాన్ని ముట్టుకోను. ఈ కారు ముందు బంపరు కింద రాళ్ళకి గీసుకున్న గాట్లున్నాయి. వాటిని రుద్దేస్తే పోతాయి, వాటితోపాటు ఓ మిల్లీమీటరు ప్లాస్టిక్ కూడా పోతుంది, బలమూ పోతుంది. డ్రైవరు బొమ్మ హెల్మెట్‌కి ఎవరో పిల్లాడు ఆకుపచ్చ రంగు వేశాడు, అంచులు దాటి మొహం మీదికి కూడా. దాన్ని చెరిపే హక్కు నాకుందని అనుకోను. ఒళ్ళు పగిలినచోట మాత్రం చెయ్యి చేసుకున్నాను. పగులు ఆగిన చివర సన్నటి రంధ్రం వేస్తే అది ఇంక ముందుకు పాకదు. లోపలివైపు జాలీ పట్టీ, దాని మీద జిగురు. బయటికి పగులు కనిపిస్తూనే ఉంటుంది.

"ఏమండీ, ఇంత తంటా బదులు కొత్తదే కొనుక్కోవచ్చుగా?" అని మా ఆవిడ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. 2005లో టమియా వాళ్ళు గ్రాస్‌హాపర్‌ని మళ్ళీ విడుదల చేశారు, కొత్త పెట్టె ఇప్పటికీ దొరుకుతుంది. గేరు, మోటారు, బేరింగులు, రిమోటు, బ్యాటరీ, తపాలా ఖర్చు అన్నీ కలిపి లెక్క చూస్తే పాతదాన్ని లేపడానికే ఎక్కువైంది. డబ్బు ఆదా అని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు కావలసింది కారు ఒక్కటే అయితే ఆవిడ మాటే సబబు. నాకు కావలసింది విప్పడం. కొత్తదాన్ని కడితే టమియా గీసిన బొమ్మలే చూస్తాను. పాతదాన్ని విప్పితే దాన్ని కట్టినవాడి చేతులు కూడా కనిపిస్తాయి. ఈ కారులో వెనక స్ప్రింగు దగ్గర ఒక మర మిగతావాటికంటే పొడుగ్గా ఉంది, రంగు కూడా వేరు. అసలుది పారేసుకుని, ఇంట్లో దొరికినదేదో వేసి బిగించాడు. అది ఇప్పటికీ వదులవలేదు. దాన్ని అలాగే ఉంచాను.

ఆ కొత్త పెట్టె వచ్చినందుకు నాకు సంతోషమే, ఎందుకంటే దాని ముక్కలే 1984 నాటి బండికీ అతుకుతాయి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే అచ్చు, అదే రంధ్రం. ఇప్పుడు బొమ్మల దుకాణంలో దొరికే చవక రిమోట్ కారుని ఓసారి తిరగేసి చూడండి. రిసీవరు, స్పీడు కంట్రోలు ఒకే బోర్డు మీద ఉంటాయి, గేర్లు ఇరుసుకి నొక్కేసి ఉంటాయి, ముక్కలకి నంబరు ఉండదు, విడిగా అమ్మేవాడూ ఉండడు. గేరు పన్ను ఒక్కటి విరిగితే కారు మొత్తం చెత్తలోకే. పిల్లలకి కొనేటప్పుడు వేగం ఎంతో, లైట్లెన్నో అడుగుతాం. విడిభాగాలు దొరుకుతాయా అని కూడా అడగాలి. దొరకవంటే ఆ డబ్బుతో సైకిల్ కొనిపెట్టడం మేలు.

బండి నడిచింది. గేరుబాక్సూ మోటారూ కలిసి ఒకే ముద్దగా ఊగే వెనక భాగం కాబట్టి గతుకు వచ్చినప్పుడల్లా తోక ఎగరేస్తుంది. మలుపులో కాస్త ఎక్కువ నొక్కితే గుండ్రంగా తిరిగి ఎదురుగా నిలబడుతుంది. మంచి బండి అనను. కొత్త బేరింగులు ఈ స్వభావాన్ని మార్చలేవు, మార్చాలని నాకూ లేదు. బ్యాటరీ మటుకు ఆరు సెల్లుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకే వేశాను. లిథియం ప్యాకు ఒక హద్దు దాటి ఖాళీ అయితే పాడవుతుంది, ఉబ్బితే ప్రమాదం. పిల్లలు ముట్టుకునే బండిలో నాకది ఇష్టం లేదు.

ఇది చదివి మీ అటక మీది పాత పెట్టె గుర్తొచ్చినవాళ్ళు ముందుగా ఒక పని చెయ్యండి. కారుని బాగుచెయ్యడం తర్వాత సంగతి, ఇవాళే అందులోని సెల్లులు బయటికి తీసెయ్యండి. కారులోవీ, రిమోటులోవీ రెండూ. తెల్లగా పెచ్చు కట్టి ఉంటే వట్టి చేతులతో ముట్టుకోవద్దు. అది క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, వెనిగర్‌లో ముంచిన దూదితో రేకుల్ని తుడవండి. పాత నికెల్ కాడ్మియం ప్యాకుని మాత్రం ఇంటి చెత్తలో పడెయ్యకండి, కాడ్మియం విషం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలని మిగతా చెత్తతో కలపకుండా విడిగా అప్పగించాల్సిన బాధ్యత వాడినవాళ్ళదే.