గద్ద స్టిక్కరు, కోసిన స్ప్రింగు

క్రోమ్ పూత మీద నాకున్న పగ ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. తలుపు పిడికి, అద్దానికి, పెట్రోలు మూతకి, చివరికి నంబరు ప్లేటు చుట్టూ కూడా మెరుపు తొడుగులు వేయించేవాళ్ల మీద ఇదివరకే చాలినంత విసుక్కున్నాను. సద్దుమణిగిందనుకున్న ఆ విసుగు ఈ వారం మళ్లీ లేచింది. బ్రేకులు చూపిద్దామని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్తే షెడ్డులో నాకంటే ముందు రెండు బళ్లున్నాయి.

ఒకటి పాత ఆల్టో. కళ్లు చెదిరే నారింజ రంగు. బానెట్ మీద గాలి పీల్చే గూడు, దాని కింద రంధ్రం మాత్రం లేదు. డబుల్ టేపుతో అంటించింది. రెండు పక్కలా రెక్కలు చాపిన గద్ద స్టిక్కరు. డిక్కీ తలుపు పైన ఇంకో రెక్క, దాని మీద ఇద్దరు కూర్చుని పేకాడుకోవచ్చు. రేసు కార్లకి ఆ రెక్క దేనికంటే, గాలి ఒత్తిడితో వెనక చక్రాలు నేలని గట్టిగా పట్టుకోవడానికి. ఆల్టోని లాగేవి ముందు చక్రాలు. పైగా ఆ గాలి పనిచేసేంత వేగం బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరికి దొరుకుతుంది?

రెండోది ముదురు బూడిద రంగు స్విఫ్ట్. దాన్ని చూశాక ప్రాణం కుదుటపడింది. స్టిక్కర్లు లేవు సరికదా, కంపెనీ పేరు, మోడల్ పేరు కూడా పీకేసి, ఆ గుర్తులు కనబడకుండా రంగు వేయించారు. రిమ్ములు నల్లవి, మెరుపు లేనివి. బండి మామూలుకంటే కాస్త కిందికి దిగి, చక్రాలకీ మడ్‌గార్డులకీ మధ్య వేలు పట్టేంత సందుతో నిలబడి ఉంది. టైర్ల మీద అంకెలు చదివాను. 14 అంగుళాల రిమ్ముతో వచ్చిన 165/80 తీసేసి, 15 అంగుళాల రిమ్ముకి 185/65 వేశారు. లెక్క కట్టి చూసుకోండి, మొత్తం చక్రం ఎత్తులో తేడా 2 మిల్లీమీటర్లే. స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు. రిమ్ము పెరిగినంత మేర టైరు గోడ తగ్గాలన్న ఈ లెక్క తెలియకే సగం బళ్లు పాడవుతున్నాయని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఇక్కడ ఎవరో పద్ధతి తెలిసినవాడు పనిచేశాడు. అలంకారమంటే తగిలించడం కాదు, తీసేయడం అని ఈ వారం కాలమ్‌కి మొదటి వాక్యం కూడా మనసులో రాసేసుకున్నాను.

అయితే ఆ వాక్యం మా పెదనాన్న వింటే నవ్వేవాడు.

ఆయనకి తెనాలిలో అద్దెకి తిప్పే అంబాసిడర్ ఉండేది. గేరు స్టీరింగు కిందే. ముందు సీటు ఒకటే పలక కాబట్టి డ్రైవరు పక్కన ఎంతమంది అన్నది చుట్టరికాన్ని బట్టి ఉండేది. ఆ కారుకి ఆయన చేయించనిది లేదు. కిటికీలకి లేసు తెరలు. సీట్లకి ఎర్ర రెగ్జిన్, దాని మీద పూసల చాప. వెనక అద్దం దగ్గర ప్లాస్టిక్ గులాబీలు. డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి, ఆయన వెనకాల చిన్న ఎర్ర బల్బు. బ్రేకు తొక్కితే అది వెలిగేది, దాంతో ఎక్కినవాళ్లందరికీ తొక్కినప్పుడల్లా స్వామి దర్శనం. పెట్రోలు ఖర్చు భరించలేక అసలు ఇంజను దింపేసి మెటడార్ డీజిల్ ఇంజను ఎక్కించాడు. అప్పటినుంచి ఆయన ఇంటికొస్తున్న సంగతి వీధి చివరనుంచే పెద్దమ్మకి తెలిసిపోయేది, అన్నం వడ్డించడం మొదలుపెట్టేది.

మా నాన్నకి ఇవేవీ గిట్టేవి కావు. బడిపంతులు. చొక్కా జేబుకి ఒక్క పెన్ను మించి పెట్టుకోని మనిషి. “కంపెనీవాడు ఇచ్చినట్టు ఉంచితే ఏం పోయింది అన్నయ్యా?” అనేవాడు. దానికి పెదనాన్న జవాబు నాకింకా గుర్తుంది: “ఇచ్చినట్టే ఉంచితే అది కంపెనీవాడి కారేరా. స్టాండులో వరసగా నిలబెడితే నాది ఏదో నువ్వు చెప్పగలవా? పెళ్లివాళ్లు నా బండినే అడుగుతున్నారంటే ఊరికేనా?”

అందులో వ్యాపారమూ ఉంది, నిజమూ ఉంది. హిందూస్థాన్ మోటార్స్ 1950ల చివరినుంచి 2014 దాకా ఆ కారు తయారుచేసింది. మార్క్ 2, మార్క్ 3 అంటూ పేర్లు మారినప్పుడు కొనేవాడికి ముఖ్యంగా కనిపించింది ముందు జాలీ, లైట్లు, లోపలి డాష్‌బోర్డు మారడమే. కలెక్టరుకీ అదే కారు, డాక్టరుకీ అదే, టాక్సీకీ అదే. ముఖం వేరు చేసుకునే పని కొన్నవాడి నెత్తిన పడింది. ఇప్పుడు అలాంటి బండి ఎవరికైనా దొరికితే మొదట చేసేది ఆ తెరలు పీకడం, ఆ తర్వాత డీజిల్ ఇంజను తీసి పాత పెట్రోలు ఇంజను వెతకడం. ఒరిజినల్ కావాలి వాళ్లకి. అంటే మా పెదనాన్న చేతి పనంతా తుడిచేసి, ఆయన కొన్న రోజుకి బండిని వెనక్కి పంపాలి.

ఒరిజినల్ భక్తులని నేనొకటి అడుగుతుంటాను. తెలుగువాళ్ల చరిత్రలో అన్నిటికంటే పేరుపడ్డ బండి ఏది? 1982లో ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన చైతన్యరథం. అదొక పాత షెవర్లే వ్యాన్. పైకెక్కి జనంతో మాట్లాడటానికి వీలుగా దాన్ని మార్పించారు, హరికృష్ణ స్టీరింగు పట్టారు, 1983 జనవరి ఎన్నికలకల్లా రాష్ట్రం తారుమారైంది. వింటేజ్ కార్ల వాళ్ల పద్ధతిలో చూస్తే నిక్షేపంలాంటి షెవర్లేని పాడుచేసినట్టే. దాన్ని ఫ్యాక్టరీ రూపానికి తిప్పి తెద్దామని అనే ధైర్యం ఎవరికైనా ఉందా?

తర్వాత వచ్చిన ప్రచార రథాల్లో పవన్ కళ్యాణ్ వారాహి సంగతి తెలిసిందే. 2022 డిసెంబరులో జరిగిన గొడవంతా రంగు గురించే. ఆలివ్ గ్రీన్ సైన్యం బళ్లకి తప్ప ఇంకెవరూ వేయకూడదని నిబంధన. ఇది ఆలివ్ గ్రీన్ కాదు, ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా అధికారులు చెప్పేదాకా ఆకుపచ్చల్లో ఇన్ని రకాలున్నాయని టీ కొట్ల దగ్గర ఎవరికీ తెలియదు.

మళ్లీ షెడ్డుకి వస్తాను. మేస్త్రి స్విఫ్ట్‌ని లిఫ్టు మీద ఎత్తి నన్ను కిందికి పిలిచాడు. “చూడండి సార్, గ్రైండర్ పెట్టారు.” ముందు స్ప్రింగుల్లో ఒకటిన్నర చుట్టు కోసేశారు. బండి అంత అందంగా కిందికి దిగింది అందుకన్నమాట. కారుకి తగ్గట్టు తయారైన పొట్టి స్ప్రింగులు సెట్టుగా దొరుకుతాయి, కానీ వాటికి డబ్బవుతుంది. కోయడానికి ఐదు నిమిషాలు చాలు. కోసిన కొస దాని పళ్లెంలో సరిగ్గా కూర్చోదు. గోతిలో చక్రం కిందికి వేలాడినప్పుడు వదులై పక్కకి జరగొచ్చు. మిగిలిన చుట్లు గట్టిపడతాయి, షాకబ్జర్‌కి కదిలే జాగా తగ్గిపోయి ప్రతి కుదుపుకీ అడ్డుగా ఉండే రబ్బరుకి గుద్దుకుంటుంది. హెడ్‌లైట్లలో హాలోజెన్ బల్బులు తీసి ఎల్ఈడీలు గుచ్చారు. ఆ లైటు లోపలి గిన్నె వంపంతా హాలోజెన్ బల్బులో తీగ ఎక్కడ ఉంటుందో దాన్ని బట్టి మలిచింది. వెలుగు పుట్టే చోటు మారితే కాంతి రోడ్డు మీద పడదు, ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది.

మరి ఆల్టో? “దానికేముంది సార్, రెక్కకి బోల్టులేశాం, మిగతావన్నీ వేడిగాలి కొడితే ఊడొచ్చేస్తాయి. టైర్లు కొత్తవి, బ్రేకులు శుభ్రం. ఆ కుర్రాడు బండిని నాకంటే బాగా చూసుకుంటాడు.”

నేను మనసులో రాసుకున్న మొదటి వాక్యం అక్కడితో చెల్లకుండా పోయింది. కంటికి నచ్చకపోవడం వేరు, కంట్లో పొడవడం వేరు. గద్ద స్టిక్కరు నన్ను బాధపెడితే తల తిప్పుకుంటాను. ఆ ఎల్ఈడీ కాంతి నుంచి రాత్రి హైవే మీద తల తిప్పుకుంటే నేను మిగలను. సైలెన్సర్ పొట్టలో జాలీలు తీయించినవాడి సంగతీ ఇంతే, చెవులకి తెరలుండవు కదా.

చట్టం మాత్రం మా నాన్న పక్షం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సారం, కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చొద్దని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నొక్కిచెప్పింది. మంచిదే. కానీ కూడలిలో నిలబడ్డ కానిస్టేబుల్ బండి కింద దూరి స్ప్రింగు చుట్లు లెక్కపెట్టలేడు. ఆయనకి కనబడేది నారింజ రంగు, రెక్క, గద్ద. చేతెత్తి ఆపేది ఆల్టోనే. నల్లరిమ్ముల స్విఫ్ట్ మర్యాదస్తుడిలా దాటిపోతుంది. ఖర్చుపెట్టి కనబడకుండా చేయించుకున్న మార్పులకి అభిరుచి అని పేరు, చవగ్గా కనబడేలా చేయించుకున్నవాటికి అల్లరని పేరు. నేనూ ఆ పేర్లే వాడుతూ వచ్చాను. ఇకముందు ఆల్టో కుర్రాణ్ణి ఆ మాట అనబోను. క్రోమ్ సంగతి మాత్రం వేరు, దాన్ని వదిలేది లేదు.

నెల్లూరు నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. కొడుకు సెకండ్ హ్యాండ్ జీపు కొన్నాడట, మిలిటరీ పచ్చ వేయిస్తానని పట్టుబడుతున్నాడట, మీరైనా చెప్పండి అని. అయ్యా, ఆలివ్ గ్రీన్ ఒక్కటీ కుదరదు, పైన చెప్పిన నిబంధనే కారణం. పసుపు, ఊదా, చిలకపచ్చ, ఏదైనా వేసుకోనివ్వండి. ముందు ఆర్టీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టించి, కొత్త రంగు ఆర్సీలో ఎక్కించమనండి. రంగు డబ్బాతో పాటు రెండు మంచి షాకబ్జర్లు కూడా కొనమనండి.