ఆలస్యాన్ని నెలల్లో చెప్పండి

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో కాలువ పనుల ప్రస్తావన వస్తే రెండు అంకెలే వినిపిస్తాయి: మంజూరైంది ఎంత, ఖర్చయింది ఎంత. పనుల లెక్కలు చదివే అలవాటున్న నేను మూడో అంకె కోసం వెతుక్కుంటాను. ఆ డబ్బుకు నేల మీద నిలిచిన పని విలువ ఎంత?

వంద కోట్ల కాలువ, రెండేళ్ల గడువు అనుకుందాం. ఏడాది తిరిగేసరికి 50 కోట్ల పని కావాలి. అడ్వాన్సులు, ధరల సవరింపులు కలిపి 45 కోట్లు చెల్లించారు. ఎం బుక్‌కి, అంటే కొలతల పుస్తకానికి, ఎక్కిన కొలతల్ని మొదటి ఎస్టిమేటు రేట్లతో లెక్కిస్తే వచ్చేది 30 కోట్లే. అయిదు కోట్లు మిగిలాయనిపించే చోట నిజానికి పదిహేను కోట్లు ఎక్కువ పోయాయి. అమెరికా రక్షణ శాఖ 1967లో తన పెద్ద కాంట్రాక్టులకు ఈ లెక్కను తప్పనిసరి చేసింది. దీన్నే ఎర్న్‌డ్ వాల్యూ అంటారు.

అయితే గడువు దగ్గర ఇది దారి తప్పుతుంది. ఆలస్యాన్ని కొలవడానికి ఇందులో జరిగిన పనిని జరగాల్సిన పనితో భాగిస్తారు. అందుకని పని ఎన్నేళ్లకు ముగిసినా చివరి రోజున వందకు వందే వస్తుంది. పదేళ్ల ఆలస్యం ఆ అంకెలో కనబడదు! 2003లో ఎర్న్‌డ్ వాల్యూ నిపుణుడు వాల్ట్ లిప్కే దీన్ని సరిదిద్దాడు: ఈ రోజుకు అయిన పని ప్రణాళిక ప్రకారం ఏ రోజుకు అయిపోవాలో చూడమన్నాడు. పని నెలనెలా సమానంగా సాగాలనుకుంటే, మన కాలువలో 30 కోట్ల పని ఏడో నెల దాటగానే అయిపోవాలి. ఇప్పుడు పన్నెండో నెల. దాదాపు అయిదు నెలలు వెనక. రైతుకు అది ఒక పంట కాలం.

మెట్టకు ఈ నెలల లెక్క ఎందుకు కావాలో వెలిగొండ ప్రాజెక్టును చూస్తే తెలుస్తుంది. 1996లో శంకుస్థాపన. మొత్తం 4.47 లక్షల ఎకరాల ఆయకట్టులో ఉదయగిరి వైపు మండలాలకూ వాటా ఉంది. దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలను 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు. అప్పటికి ఆ సొరంగాల నీరు చేరాల్సిన నల్లమల సాగర్ జలాశయం ముంపు గ్రామాల పునరావాసం మిగిలే ఉంది. ఊళ్లు ఖాళీ కానిదే జలాశయం నిండదు. సొరంగం విలువ ఎంత పెద్దదైనా పునరావాసం లోటును పూడ్చలేదు. అందుకే ఈ రెండింటినీ ఒకే శాతంలో కలిపి చెప్పడాన్ని నేను ఒప్పుకోను. పునరావాసం ఎన్ని నెలలు వెనకబడిందో విడిగా, ప్రతి సమీక్షలో మొదటి వరుసలోనే చెప్పాలి.