సర్వనామం దగ్గర చిక్కుపడిన నవల

అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లెగ్విన్ 1969లో వెలువరించిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ను మన విద్యార్థులు తప్పక చదవాలని సూచిస్తున్నాము. ఇందులోని గెథెన్ అనే మంచుగ్రహంలో మనుషులకు స్థిరమైన స్త్రీత్వం గాని పురుషత్వం గాని లేదు. నెలలో కొద్ది రోజులు మాత్రం ఎవరైనా స్త్రీగానో పురుషుడుగానో మారతారు. కనుక అక్కడ రాజు గర్భం ధరించడం వింత కాదు. ఆ లోకానికి రాయబారిగా వెళ్ళిన జెన్లీ ఐ, నమ్మకం కుదరనప్పుడల్లా ఎదుటివారిలో ‘ఆడతనం’ చూస్తాడు. ఎస్ట్రావెన్‌తో కలిసి చేసిన మంచు ప్రయాణంలో ఈ దృష్టిదోషం క్రమంగా కరగడమే నవలకు ప్రాణం.

అయితే గెథెన్ వాసులను రచయిత్రి పురుషవాచక సర్వనామంతోనే పేర్కొన్నారు. దానితో పాఠకునికి కనిపించేది మగవాళ్ళ లోకమే. ఈ విమర్శను మొదట అంగీకరించని లెగ్విన్, 1987లో తన పాత వ్యాసాన్ని సవరిస్తూ ఒప్పుకున్నారు.

మరి తెలుగులో? ‘వచ్చాడు’ అంటే మగవాడే. ‘వచ్చింది’ అంటే స్త్రీ, పశువు, బండి ఒకే వరుసలో నిలుస్తాయి. ‘వచ్చారు’ ఇద్దరికీ చెల్లుతుంది గాని, ఒక్కరిని గురించి అన్నప్పుడు గౌరవాన్ని వెంట తెస్తుంది. శత్రువుకూ పసిబిడ్డకూ అది పొసగదు. కన్నడ, తమిళాలు స్త్రీకి వేరే క్రియారూపం ఇస్తాయి. ఒడియాలో ‘సె’ ఇద్దరికీ ఒకటే. మనిషిని ముందు చూడాలా, లింగాన్ని ముందు చూడాలా అన్న ప్రశ్న వ్యాకరణంలోనే ఉందన్నమాట.

రెండు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థులు ఈ చిక్కును ఇట్టే పసిగట్టగలరు. ఒక్క పుట తెలుగు చేసి చూడమని కోరుతున్నాము.