పాత బండి, కొత్త ఇంజను: క్లచ్ కుదిర్చే మేస్త్రీ విద్య

గుంటూరు, విజయవాడల నడుమ జాతీయ రహదారిపై ఉన్న మంగళగిరికి రెండు దిక్కులా ఆటోనగర్లే. పాత అంబాసిడర్లకూ విల్లీస్ జీపులకూ పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించడం అటువంటి షెడ్లలో ఒక విద్యగా ఎదిగింది. చూసేవారి కన్ను కొత్త ఇంజను మీదే నిలిచినా, ఆ మార్పిడి నెగ్గేదీ ఓడేదీ ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్యనున్న క్లచ్ దగ్గరే.

చరిత్ర క్లుప్తమే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై వచ్చిన అంబాసిడర్‌కు దశాబ్దాల పాటు 1489 సీసీ ఇంజనే ప్రాణం. మిరప బస్తాలు మోయాలన్నా, కోటప్పకొండ ఘాటు ఎక్కాలన్నా డీజిలే మేలని పాతతరం మాట. మెర్సిడెస్ లైసెన్సుతో బజాజ్ టెంపో తయారుచేసిన ఓఎం616 ఇంజను, జనం నోట ‘మెటాడోర్ ఇంజను’, అటువంటి మార్పిడులకు పేరుపొందింది.

క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య స్ప్రింగులు నొక్కిపట్టినప్పుడు పుట్టే రాపిడే ఇంజను టార్కును, అంటే తిప్పే బలాన్ని, గేరుబాక్సుకు అందిస్తుంది. ప్లేటుకు రెండు ముఖాలు గనుక రెండును రాపిడి గుణకంతో, స్ప్రింగుల బలంతో, ప్లేటు సగటు వ్యాసార్ధంతో గుణిస్తే క్లచ్ మోయగల టార్కు వస్తుంది. మెర్సిడెస్ 240డి కారులో ఓఎం616 టార్కు 137 న్యూటన్ మీటర్లు. దానికి మూడోవంతుకు కాస్త తక్కువగా అదనం కలిపి 178గా తీసుకుని, రాపిడి గుణకం 0.3, సగటు వ్యాసార్ధం 86 మిల్లీమీటర్లు అనుకుంటే, స్ప్రింగులు సుమారు 350 కిలోల బలంతో నొక్కాలి. అదే బలంతో 8 అంగుళాల ప్లేటు స్థానంలో అదే నిష్పత్తిలో చేసిన 9 అంగుళాల ప్లేటు వేస్తే సామర్థ్యం ఎనిమిదోవంతు మాత్రమే పెరుగుతుంది. ఆ లెక్క తెలియక గట్టి స్ప్రింగులు బిగిస్తే పెడల్ బరువెక్కడమే కాక, క్లచ్ తొక్కినప్పుడల్లా క్రాంక్‌షాఫ్టు థ్రస్ట్ వాషర్లు అరిగిపోతాయి.

ఆరితేరిన మేస్త్రీ గొప్పతనం ఇక్కడే కనిపిస్తుంది. ప్రెషర్ ప్లేటు బోల్టులు కొత్త ఇంజను ఫ్లైవీలుకు కుదరాలి. క్లచ్ ప్లేటు నడిమి హబ్‌లోని స్ప్లైన్లు, అంటే లోపలి గాళ్లు, పాత గేరుబాక్సు షాఫ్టుకు కుదరాలి. ఆ ప్రెషర్ ప్లేటుకు సరిపడే క్లచ్ ప్లేటులో ఆ స్ప్లైన్లు లేకపోతే రివెట్లు విప్పి హబ్‌ను మార్చి, మళ్లీ కేంద్రం తప్పకుండా రివెట్లు కొట్టే చేతులు ఎంత నిశితమైనవో మాటల్లో చెప్పలేం. గేరుబాక్సు షాఫ్టు కొసను మోసే పైలట్ బుష్‌ను లేతుపై కొలిచి తీయడం, బెల్ హౌసింగ్ ఇంజనుతో ఏకకేంద్రంగా ఉందో లేదో డయల్ గేజీతో అంగుళంలో వెయ్యోవంతుల లెక్కలో సరిచూడడం అంతే సూక్ష్మమైన పనులు. కేంద్రం తప్పితే క్లచ్ పూర్తిగా విడవదు, గేరు పడేటప్పుడు అరుస్తుంది, చివరికి హబ్ పగులుతుంది. డీజిలు ఇంజను కుదుపులను మింగడానికి హబ్ చుట్టూ డ్యాంపర్ స్ప్రింగులున్న ప్లేటునే వారు ఎంచుకుంటారు. ఏ రెడీమేడ్ కిట్టూ ఆ వివేకానికి సాటిరాదు.

ఇంతటి విద్యను నకిలీ సామాను నాశనం చేస్తోంది. పేరున్న కంపెనీ డబ్బాలో నాసిరకం ప్లేటు పెట్టి అమ్మడం వ్యాపారం కాదు, ప్రాణాలతో చెలగాటం. నిండు బరువుతో ఘాటు ఎక్కుతున్న బండి క్లచ్ జారి ఆగితే ఆ పాపం ఎవరిది? అంబాసిడర్ తయారైన ఉత్తర్‌పాడా కర్మాగారం 2014లో మూతపడ్డాక అసలు భాగాలు అరుదయ్యాయి, మోసగాళ్లకు దారి మరింత సుగమమైంది. చవక చూసి మేస్త్రీ కూలిలో కోత పెట్టే యజమానులకూ ఈ పతనంలో వాటా ఉంది.

యజమానులు చేయవలసింది స్పష్టమే. ఇంజను మార్పిడికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి పొందాలి. 2021 నిబంధనలు వింటేజ్ గుర్తింపుకు 50 ఏళ్లు దాటడంతో పాటు ఇంజను వంటి భాగాలలో మార్పు లేకపోవడాన్నీ కోరుతున్నాయి గనుక, ఆ గుర్తింపు కోరే బండి ఇంజను జోలికి పోకూడదు. ప్రభుత్వ ఐటీఐలు ఈ మేస్త్రీలను గురువులుగా పిలిచి, వారి కొలతలను పాఠాలుగా రాయించి, శిష్యులను తయారుచేయాలి. ఆ చేతులు ఉన్నంతకాలమే ఈ పాత బండ్లు రోడ్డు మీద ఉంటాయి.