సామాన్య విశ్వాసికి వేదాంతమెందుకు?
పల్నాటి సంఘాల అనుభవం నుండి ఒక విమర్శ

"వేదాంతం చెప్పకు" అనే మాట మన తెలుగులో ఒక మందలింపు. చేయవలసిన పని వదలిపెట్టి ఎవరికీ అక్కరకు రాని మాటలు చెప్పేవానిని ఊళ్ళో అలా అంటారు. మనమేమో దేవుని గూర్చిన క్రమమైన అధ్యయనానికి ఆ పేరే పెట్టుకొన్నాము. అందుచేతనే కాబోలు, వేదాంతమంటే అది అయ్యగారి చదువు, పట్టణంలో హాస్టలులో ఉండి చదివేది, విశ్వాసికి బైబిలు, పాటల పుస్తకము, ప్రార్థన ఉంటే చాలుననే అభిప్రాయం మన సంఘాలలో స్థిరపడినది. ఈ అభిప్రాయాన్ని పరీక్షించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. విశ్వాసికి వేదాంతము అవసరమా అనే ప్రశ్న నాకు గ్రంథాలయంలో కలుగలేదు, మిరప చేను దగ్గర కలిగినది. కనుక అక్కడనుండే ప్రారంభిస్తాను.

మలాకీ 3:11, మిరప చేను

2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మన రాష్ట్రంలోను తెలంగాణలోను మిరప తోటలను ఏ విధంగా నాశనం చేసినదో పల్నాడులో ఎవరికీ చెప్పనక్కరలేదు. పూతలోనే పురుగు చేరినది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. నేను సేవచేసిన సంఘంలో ఒక యౌవనస్థుడు కౌలుకు తీసుకొన్న పొలంలో మిరప వేసి పూర్తిగా నష్టపోయాడు. ఆ దినాలలో పొరుగూరిలో జరిగిన ఒక స్వస్థత కూటమికి అతడు వెళ్ళాడు. అక్కడి ప్రసంగీకుడు మలాకీ 3వ అధ్యాయం తీసి, దశమభాగము ఇవ్వనివారి పంట మీదికి పురుగు వస్తుందని, ఇచ్చినవారి పొలంలో దేవుడు పురుగును గద్దిస్తాడని బోధించాడు. మరునాడు అతడు భార్య చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఆ డబ్బు కానుకగా ఇచ్చి వచ్చాడు. తరువాత నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నా పాపం వల్లనే పురుగు పడిందంటగా?" అని అడిగాడు.

నేను బి.డి. చదివినవాడను. మలాకీ కాలము, నేపథ్యము, సాహిత్య ప్రక్రియ అన్నీ పరీక్షలో వ్రాసినవాడను. అయినను ఆనాడు నేను చెప్పినది, "దేవుడు చూచుకొంటాడు, ప్రార్థన చేద్దాం" అని మాత్రమే. నా చదువు నా నోటికి రాలేదు.

జవాబు చెప్పినది మా స్త్రీల సమాజంలోని ఒక తల్లి. ఆమె కాయ కోతకు వెళ్ళే కూలి మనిషి. కొంతకాలం మా సంఘంలో జరిగిన బైబిలు పాఠాలలో ఒక గ్రంథాన్ని మొదటినుండి చివరివరకు వరుసగా చదువుట నేర్చుకొన్నది. ఆమె నాతో, "అయ్యగారూ, ఆ మాటకు ముందు చాలా మాటలున్నయి గదా" అన్నది. మలాకీ 1:6 నుండి దేవుడు మొదట గద్దించినది యాజకులనని చూపించినది. పురుగుల మాటకు ఆరు వచనాల ముందు, 3:5లో, కూలివాని కూలి విషయంలో అన్యాయం చేసేవారి మీద, విధవరాండ్రను తండ్రిలేనివారిని బాధపెట్టేవారి మీద దేవుడు తానే సాక్షిగా ఉంటానన్నాడని చూపించినది. పదిమార్లు ప్రసంగించిన అధ్యాయమే అయినా ఆ వచనము మీద నా కన్ను ఎన్నడూ నిలువలేదు. ఆమె కన్ను నిలిచినది, ఎందుకనగా ఆమె బ్రతికేది కూలి మీద. పైగా ఆ సంవత్సరం ఆ యౌవనస్థుడు కోత కూలి బాకీపడినవారిలో ఆమె కూడా ఒకతె. అయినా ఆమె, "తాకట్టు డబ్బు మాకియ్యాల్సిందని కాదయ్యా. దేవుడు ఆ అబ్బాయి మీద కోపంగా లేడని మాత్రం మీరు చెప్పండి" అన్నది.

దశమభాగము ఇవ్వవద్దని చెప్పుట నా ఉద్దేశము కాదు. ద్వితీయోపదేశకాండము 14:28-29 ప్రకారం మూడవ సంవత్సరపు దశమభాగము లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు భోజనం కావలెను. అప్పులో మునిగినవాని ఇంటి బంగారాన్ని తాకట్టు కొట్టుకు పంపించే బోధ ఆ ధర్మానికి సరిగ్గా వ్యతిరేకమైనది. పంట పోయినవాడు పాపి అనే లెక్క యోబు స్నేహితులది. వారు నా సేవకుడైన యోబువలె నన్నుగూర్చి యుక్తముగా పలుకలేదని దేవుడే తీర్పు చెప్పాడు (యోబు 42:7). సిలోయము గోపురము కూలి చనిపోయినవారి విషయంలో ప్రభువు కూడా ఆ లెక్కను త్రోసివేసెను (లూకా 13:4-5).

ఇక్కడ గమనించవలసినది ఒకటి. ఆ ప్రసంగీకుడు చెప్పినది కూడా వేదాంతమే. దేవుడు ఎటువంటివాడు, శ్రమ ఎందుకు వస్తుంది, కానుక ఏమి చేస్తుంది అనే మూడు ప్రశ్నలకు అతడు జవాబు చెప్పాడు. వేదాంతము లేని విశ్వాసి లేడు. విశ్వాసికి మనము నేర్పకపోతే వేరొకరు నేర్పుతారు, దానికి రుసుము కూడా తీసుకొంటారు.

ప్రశ్నోత్తరి: దాని బలము, దాని కొరత

విశ్వాసులకు వేదాంతము నేర్పుట తెలుగు క్రైస్తవ్యంలో క్రొత్త ఆలోచన కాదు. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ తెలుగులో సిద్ధపరచిన లూథర్ చిన్న ప్రశ్నోత్తరి 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయినది. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలలో అది ఒకటి. అనగా తెలుగు అచ్చు చరిత్ర ప్రారంభంలోనే సామాన్యునికొరకైన వేదాంత గ్రంథము ఉన్నది. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ 1849లో గురజాలకు వచ్చి పల్నాడులో పని ప్రారంభించినప్పుడు ఆయన తెచ్చిన లూథరన్ సంప్రదాయానికి ఆ చిన్న పుస్తకమే పునాది.

దాని బలమేమిటో మొదట చెప్పవలెను. 1528లో సాక్సనీ గ్రామ సంఘాలను దర్శించిన లూథర్ అక్కడి ప్రజల అజ్ఞానాన్ని, బోధకుల అసమర్థతను చూచి దుఃఖపడి, 1529లో దానిని వ్రాసెను. అందులోని ముఖ్య భాగాలను ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పవలెనని ఉద్దేశించెను. వేదాంత పాఠశాల మొదట ఇల్లే. ప్రతి ఆజ్ఞకు, ప్రతి మనవికి తరువాత దాని భావమేమిటని అడుగుట ఆ పుస్తకపు పద్ధతి. అనుదినాహారము అనే మాటలో పొలము, పశువులు, మంచి వాతావరణము, మంచి ప్రభుత్వము, నమ్మకమైన పొరుగువారు కూడా ఉన్నారని అది వివరిస్తుంది. కౌలు రైతుకు ఇంతకంటె దగ్గరి వేదాంతమేది?

ఇక కొరతలు. మొదటిది, అది మన చేతులలో కంఠపాఠమైపోయినది. కన్ఫర్మేషన్ తరగతిలో భావమేమిటని అడుగుతాము, అచ్చయిన జవాబు అప్పజెప్పించుకొంటాము, మార్కులు వేస్తాము. భావమును వెదకుట నేర్పవలసిన ప్రశ్నకే జవాబును బట్టీ పట్టించాము. ఈ నేరము లూథర్‌ది కాదు, మనది. రెండవది, ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన, సంస్కారాలు అందులో ఉన్నవి గాని ప్రవక్తలకు చోటు లేదు. ఒక బైబిలు గ్రంథాన్ని సందర్భంతో చదువుట అది నేర్పదు. అందుచేత దానిని పూర్తిగా అప్పజెప్పిన విశ్వాసి కూడా మలాకీ 3:11 విడిగా వినిపించినప్పుడు నిస్సహాయుడగుచున్నాడు. మూడవది, దాని చివరనున్న గృహధర్మాలలో యజమానులకు, పనివారికి ఇద్దరికీ హితవు ఉన్నది. అయితే జీతగాళ్ళుగా బ్రతికిన మన పెద్దలకు అందులో బలంగా వినిపించినది విధేయత భాగమే.

అభ్యంతరాలు

విశ్వాసులకు వేదాంతమెందుకనే సహోదరులు ముఖ్యంగా మూడు మాటలు చెప్పుచుందురు.

మొదటిది, పేతురు యోహానులు విద్యలేని పామరులని అపొస్తలుల కార్యములు 4:13 చెప్పుచున్నది గదా అని. నిజమే. అయితే వారు యేసుతో కూడ ఉండినవారని అదే వచనము చెప్పుచున్నది. ఆయనతో తిరిగి, విని, అడిగి, గద్దింపబడి నేర్చుకొన్నవారు చదువురానివారు కావచ్చు గాని, నేర్చుకొననివారు కారు.

రెండవది, జ్ఞానము ఉప్పొంగజేయునని (1 కొరింథీ 8:1). ఈ హెచ్చరిక మనకు అవసరమే. కాని ఆ అధ్యాయంలో పౌలు చేసినదేమిటి? విగ్రహార్పితమైన ఆహారము అనే దైనందిన సమస్యను, ఒక్కడే దేవుడున్నాడనే సిద్ధాంతంతోను, బలహీనుడైన సహోదరుని కొరకు క్రీస్తు చనిపోయెననే సిద్ధాంతంతోను పరిష్కరించాడు. అది వేదాంతము కాక మరేమిటి? ఆయన విమర్శించినది ప్రేమలేని జ్ఞానాన్ని. జ్ఞానము లేని ప్రేమ కూడా కమ్మలు తాకట్టు పెట్టించగలదు.

మూడవది, పరిశుద్ధాత్మ అభిషేకమే సమస్తమును బోధించునని (1 యోహాను 2:27). అదే పత్రిక 4:1లో ప్రతి ఆత్మను నమ్మక పరీక్షించుమని ఆజ్ఞాపించినది. పరీక్షించుటకు కొలత కావలెను. బెరయవారు పౌలు చెప్పినదానిని కూడా లేఖనాలతో సరిచూచిరి (అ.కా. 17:11). అపొస్తలునికి లేని మినహాయింపు మనకెక్కడిది?

మనము ఒప్పుకొనవలసినది

పైకి చెప్పని నాలుగవ అభ్యంతరము కూడా ఉన్నది. విశ్వాసి నేర్చుకొంటే అయ్యగారిని ప్రశ్నిస్తాడనే భయము. డేరాలు కుట్టుకొనే అకుల ప్రిస్కిల్లలు విద్వాంసుడైన అపొల్లోను ఇంటికి చేర్చుకొని దేవుని మార్గము మరి పూర్తిగా విశదపరచిరి (అ.కా. 18:26). దానివలన అపొల్లో సేవ తగ్గలేదు, బలపడినది. మిరప కోసే తల్లి నాకు మలాకీ 3:5 చూపినప్పుడు నాకు సిగ్గు కలిగిన మాట వాస్తవము. మరుసటి ఆదివారపు నా ప్రసంగము మాత్రం అంతకుముందటి ప్రసంగాలకంటె మెరుగైనది.

సెమినరీల మీద కూడా ఒక మాట. 1963లో గ్వాటెమాలాలో ప్రారంభమైన విస్తరణ వేదాంత విద్య మన దేశానికి కూడ వచ్చినది. 1971లో బెంగుళూరులో టాఫ్టీ ఏర్పడినది. సేరంపూరు సెనేట్ కూడ గృహస్థ విశ్వాసుల కొరకు విస్తరణ కోర్సులు నడిపినది. ఇవి మంచి ప్రయత్నాలు. అయితే ఇవి చేరినది ఎక్కువగా ఉపాధ్యాయులు, ఉద్యోగుల వరకే. కూలికి పోయి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే స్త్రీకి అప్పగింపులు వ్రాసే కోర్సు అందదు. అలాగే 1980వ దశకం నుండి అరవింద్ పి. నిర్మల్ వంటివారు దళిత వేదాంతమును నిర్మించారు. మన పల్లెల గాయాలే దానికి ఆధారము. కాని దానిలో ఎక్కువ భాగము ఇంగ్లీషులోనే ఉండిపోయినది. ఎవరి గూర్చి వ్రాశారో వారు చదువలేని వేదాంతము సగము పనియే.

బల్ల, చాప

పల్నాడుకు తనదైన ఒక జ్ఞాపకమున్నది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాప మీద కూర్చుండబెట్టి భుజింపజేసిన చాపకూడు కథ వినని బిడ్డ ఇక్కడ లేదు. మాలవాడైన కన్నమదాసు సైన్యాధిపతి అయిన కథ కూడ ఆ వీరగాథలోనిదే. ఇక మన సంఘ చరిత్రను చూడండి. పాత గుంటూరు జిల్లాలో లూథరన్ సంఘాలలో ఎక్కువగా మాలలు, బాప్టిస్టు సంఘాలలో ఎక్కువగా మాదిగలు చేరిరి. మిషనుల హద్దులు, పల్లె హద్దులు అనేక ఊళ్ళలో ఒకటైపోయినవి. నేటికీ ఒకే ఊరిలో రెండు బల్లలు వేరువేరుగా సిద్ధమగుచున్నవి. బాప్తిస్మమును గూర్చిన సిద్ధాంత భేదమే ఇందుకు కారణమని మనము చెప్పుకొంటాము. ఊరిలో మాత్రం అసలు కారణము అందరికీ తెలుసు.

కొరింథులో ధనవంతులు ముందుగా తిని, లేనివారు ఆకలిగొనగా పౌలు దానిని ప్రభువు రాత్రి భోజనమే కాదన్నాడు (1 కొరింథీ 11:20-22). శరీరమును వివేచించుట అనే మాటను మనము వ్యక్తిగత పరిశుద్ధతకు మాత్రమే అన్వయించి, బల్ల దగ్గరకు వచ్చేముందు అబద్ధాలు, బూతులు మానుమని చెప్పుచున్నాము. సందర్భంతో చదువుట నేర్చిన విశ్వాసి ఒకనాడు లేచి, "అయ్యగారూ, చాప మీద కలిసి తిన్న కథ మనదైతే, బల్ల దగ్గర ఎందుకు విడిపోయినాం?" అని అడుగును. ఆ ప్రశ్న రాకుండుటకే మనము విశ్వాసికి వేదాంతము వద్దనుచున్నామేమో పరీక్షించుకొందము.

ముగింపు

చేయవలసినది పెద్దదేమీ కాదు. నెహెమ్యా 8:8లో ఎజ్రాయు లేవీయులును గ్రంథమును చదివి, అర్థము చెప్పి, జనులు గ్రహించునట్లు చేసిరి. సంవత్సరానికి రెండు చిన్న గ్రంథాలు సంఘమంతా కలిసి మొదటినుండి చివరివరకు చదువవచ్చును. చదువురానివారికి బిగ్గరగా చదివి వినిపించవచ్చును. కోతల కాలంలో మాని వేసవిలో కూడవచ్చును. జవాబులు అప్పజెప్పించుకొనుటకు బదులుగా ప్రశ్నలు వ్రాయించుకొనవచ్చును. అప్పు, కౌలు, కులము, కట్నము, జబ్బు వీటినిగూర్చి విశ్వాసులు అడిగే ప్రశ్నలతో మన ప్రశ్నోత్తరికి ఒక క్రొత్త భాగము వ్రాయవచ్చును. సెమినరీ విద్యార్థులు సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు ప్రసంగించుటకంటె ఆ ప్రశ్నలు సేకరించి తెచ్చుట మేలు.

ఆ యౌవనస్థుని ఇంటికి నేను ఆ తల్లిని వెంటబెట్టుకొని వెళ్ళాను. దేవుడు నీ మీద కోపంగా లేడని చెప్పవలసినవాడను నేను. అయితే యోబు గ్రంథము తెరచి ఆ మాట చెప్పినది ఆమెయే. కమ్మలు తాకట్టులోనే పోయినవి. అతడు మరుసటి కాపుకు ఆమె కూలి బాకీ తీర్చి, పాఠానికి వచ్చి కూర్చున్నాడు. వేదాంతము వలన సామాన్య విశ్వాసికి ప్రయోజనమేమని ఇక మీదట ఎవరైనా నన్ను అడిగితే, నేను చెప్పగల జవాబు ఇదే.