గోవిందో అనగానే

విశాఖ హోటళ్ల సదస్సుల్లో ఇప్పుడు తెరమీద క్యూఆర్ కోడ్ వేసి, సభికుల చేత ఫోన్లలో ఓటు వేయించి, ఫలితం అక్కడికక్కడే చూపిస్తున్నారు. మంచి పనే. కానీ సభను కథలోకి లాక్కునే విద్య ఈ గడ్డకు కొత్త కాదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఉన్న విజయనగరం 1979 దాకా విశాఖ జిల్లాలోదే.

హరికథ చెప్పే హరిదాసుకు కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు. పాటా, ఆటా, మాటా ఒక్క మనిషివే. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది హరిదాసుగారి చూపు. పద్యం ఎత్తుకుంటూనే పందిరి చివరి వరసను కనిపెడుతుంటారు. జనం కునుకుతుంటే కథ ఆపి పిట్టకథ అందుకుంటారు. నవ్వులు లేవగానే ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అంటారు. పందిరంతా ‘హరి’ అంటుంది. ఆ కేక ఎంత గట్టిగా వచ్చిందో విని, తర్వాతి ఘట్టాన్ని సాగదీయాలో తెంచాలో అప్పుడే తేల్చుకుంటారు. మృదంగం, వయొలిన్ ఆ మలుపును వెంటనే అందుకోవాలి. ముందే పేర్చుకున్న స్లైడ్లకు ఇంత వెసులుబాటు ఎక్కడిది?

నవరాత్రులకు హరికథ పెట్టించే కమిటీలు వేదికను మరీ ఎత్తు కట్టకుండా, జనాన్ని దగ్గరగా కూర్చోబెట్టి, పందిట్లో దీపాలు వెలగనివ్వాలి. హరిదాసుగారికి ముఖాలు కనబడాలి.