నిలువ సరుకు

2020వ సంవత్సరమున శార్వరి ఉగాది మార్చి 25వ తేదీన వచ్చినది. ఆనాడే కరోనా మహమ్మారి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. ముందునాటి రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రసంగము విని, 21 దినములపాటు ఎవరును గడప దాటరాదని తెలిసినంతనే, వేపపువ్వుకును క్రొత్త బెల్లమునకును బజారు వెళ్లవలసినవారు బియ్యపు బస్తాలకును నూనె డబ్బాలకును పరుగిడిరి. నిత్యావసరముల దుకాణములు తెరచియే యుండునని ప్రకటన వెలువడినది. అంతకు ముందే, 19వ తేదీనాటి ప్రసంగమున, భయపడి సరుకులు కొని పోగుచేసికొనవద్దని ప్రధానమంత్రి వేడుకొనియుండెను. అయినను ఆ రాత్రి మా విజయవాడలో కిరాణా కొట్లముందు మూగిన జనమునకు ఆ మాటలు చెవికెక్కలేదు. వారిని నేను నిందింపజాలను.

ఆ భయము మన పూర్వుల అనుభవమునుండి వచ్చినది. 1833 ప్రాంతమున గుంటూరు సీమను శ్మశానము గావించిన డొక్కల కరవునందును, 1876లో మొదలైన ధాత కరవునందును, వాన లేదు, గింజ లేదు. ఉన్నవాడు గాదె తలుపు మూసికొన్నచో లేనివానికి గంజియు దక్కలేదు. అట్టి కాలములు గడచి బ్రతికి బయటపడినవారి మనుమల మనుమలమగుటచేతనే కాబోలు, ఆపద యన్న మాట వినబడినంతనే మన చేయి మొదట బియ్యపు డబ్బా మూతమీదికి పోవును. అయితే 1866 నాటి కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ సొత్తు వెచ్చించి ఆకలిగొన్నవారికి గంజి పోయించిన వృత్తాంతమును ఆ జ్ఞాపకములోనిదే. ఆయనమీది పాటలు రాయలసీమ పల్లెలలో నేటికిని వినవచ్చును. గాదె మూసికొనుటయు గాదె తెరచుటయు రెండును మనకు వారసత్వముగా వచ్చినవి. వానిలో దేనిని పట్టుకొందుమన్నదే నన్ను ఆ దినములలో మిక్కిలిగా ఆలోచింపజేసిన విషయము.

ఏలయన, 2020 నాటి పరిస్థితి కరవు కాదు. డొక్కల కరవు పిదప గోదావరికి ధవళేశ్వరమున కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియై, మరికొన్నేండ్లకే కృష్ణకును విజయవాడవద్ద ఆనకట్ట వెలసి, ఈ డెల్టా భూములు రెండు పంటల మాగాణియై తరములు గడచినవి. ఆ మార్చినాటికి భారత ఆహార సంస్థ గోదాములలో బియ్యమును గోధుమలును కలిపి 5 కోట్ల టన్నులకు మించి యున్నవి; మా చుట్టుప్రక్కల దాళ్వా చేలు కోతకు వచ్చియున్నవి. కొరత గింజలో లేదు. గింజను మోసి తెచ్చు చేతులలో నున్నది. హమాలీలు ఊళ్లకు వెళ్లిపోయిరి, లారీలు దారిలో నిలిచిపోయినవి, పప్పు మిల్లులలో సంచులు కుట్టువారు లేరైరి. వీధి చివరి కిరాణా కొట్టులో ఎన్నడును వారము పదిదినములకు మించిన సరుకుండదు. సరుకు ఆడుచుండుట మీదనే ఆ వ్యాపారము నడచును. వీధిలోని వారందరును నెల సరుకును రెండు నాళ్లలో కొనదలచినచో, దేశమున ఎన్ని కోట్ల టన్నులున్నను ఆ కొట్టులో అరలు ఖాళీయగును. ఆ ఖాళీ అరలను చూచినవాడు ఇంటికిపోయి మరి నలుగురకు చెప్పును. వారు ఇంకొక కొట్టు వెదకుదురు. సముద్రముల కావల, అమెరికాలోని మన తెలుగువారును ఆ వారములలో సోనామసూరి బస్తాలకై భారతీయ దుకాణముల ముందు బారులు తీరిరి. భూగోళమంతట ఒకే భయము, ఒకే తీరు.

నిలువచేయుటయే తప్పని దీని తాత్పర్యము కాదు. నిలువచేయుట మన ఇండ్లలోని మహావిద్యలలో నొకటి. అది పంచాంగము ననుసరించి నడచిన విద్య. తెనాలి ప్రాంతపు పల్లెలో మా అమ్మమ్మగారి యింట నేను చూచిన క్రమము నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. సంక్రాంతికి ధాన్యమింటికి వచ్చును. కాని ఆ యేటి ధాన్యము ఆ యేడు మొదట దంపరు, పాతది తినుచుండగా క్రొత్తది గాదెలో మాగవలెను. క్రొత్త బియ్యము ముద్దయగును, పాత బియ్యము మెతుకు విడివడి అన్నము ఒదుగు నిచ్చును. గాదెలో పోయుటకు ముందు ఆమె నాలుగు గింజలు పంటక్రింద కొరికి చూచెడిది. కటుక్కుమని విరిగినగాని పోయనిచ్చెడిది కాదు. నూటికి 14 పాళ్లకు మించి తేమయున్న ధాన్యము నిలువకు పనికిరాదని నేడు యంత్రముతో కొలిచి చెప్పుచున్నారు. ఆమె పన్ను ఆ కొలతకు దూరముగా నుండెడిదని నేననుకొనను.

మాఘ ఫాల్గుణములలో క్రొత్త చింతపండు వచ్చును. ఈనెలు తీసి, గింజలు కొట్టి, ఎండబెట్టి, రాళ్లయుప్పు పొరలు పొరలుగా చల్లుచు జాడీలో కూరెడివారు. అదే కాలమున మిరపపండ్లు కల్లములలో ఎఱ్ఱగా పరచియుండగా ఏడాదికి కావలసినవి తూచి తెచ్చి, మరల ఇంటియొద్ద ఎండబెట్టి, కాయగానే దాచి, కారము మాత్రము రెండు నెలలకొకసారి కొట్టించెడివారు. పొడి చేసినది త్వరగా చెడును, కాయ నిలుచును. కందులు వచ్చినంతనే వానికి ఎఱ్ఱమన్ను పట్టించి, ఎండనిచ్చి, జల్లించి, తిరగలిలో బద్దలు చేసెడివారు. గోటు కందికంటె బద్దలు చేసిన పప్పు మేలుగా నిలుచుటకు కారణము నేను పెద్దవాడనైన తరువాత తెలిసికొంటిని: పుచ్చు పురుగు గ్రుడ్లు పెట్టుటకు గుండ్రని నిండు గింజనే కోరుకొనును, దాని పిల్ల గింజను తొలుచుకొని లోపల పెరుగును. పెసలకును మినుములకును కిలోకు చెంచాడు ఆముదము పట్టించుటలోని రహస్యమును అదియే. ఆ జిడ్డు పొర క్రింద గ్రుడ్డు బ్రతుకదు. చైత్ర వైశాఖముల యెండలలో గుమ్మడి వడియములు, అప్పడములు, చల్లమిరపకాయలు. ఆపై మామిడికాయ ముదిరి టెంక కట్టిన పిదప ఆవకాయ. తొలకరి పడునాటికి ఇంటిలోని జాడీలన్నియు వాసెన కట్టియుండెడివి.

ఈ క్రమములోని ధర్మమును మరల మరల తలచుకొందును. ప్రతి వస్తువును అది విస్తారముగా నున్నపుడు, ధర తగ్గియున్నపుడు, రైతు అమ్ముకొనగోరుచున్నపుడు కొనబడినది. అట్టి నిలువవలన పొరుగువాని విస్తరిలోని మెతుకొకటియు తగ్గలేదు. పైపెచ్చు ఆ యింటివారు వానకాలమున బజారుపై భారము వేయరైరి. భయముచే చేయు నిలువ దీనికి విరుద్ధము: సరుకు కదలిక మందగించినపుడే, ధర పెరుగుచున్నపుడే, ఎదుటివాడును అదే సంచికై చేయి చాచుచున్నపుడే అది జరుగును. మాస్కులును శానిటైజర్లును మార్చి నెలలోనే మాయమగుటచేత ప్రభుత్వము వానిని 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రిందికి తేవలసివచ్చినది. శానిటైజరునకును మూతి గుడ్డకును అట్టి గతి పట్టిన సమయమున, ఒక్కొక్క యింట పెట్టెలు పెట్టెలు పేరుకొనియుండుట నాకు దుఃఖము కలిగించినది.

భయముతో కొన్న సరుకునకు కాపుదలయు తెలియదు. ఆ మార్చిలో బస్తాలుగా కొన్న గోధుమపిండి, బొంబాయి రవ్వ, శనగపిండి ఆషాఢమునాటికి పురుగుపట్టి పారవేయబడుట పలు ఇండ్లలో జరిగినది. పిండిచేసిన సరుకు వానకాలమున నెలనాళ్లు నిలుచుటయే కష్టము. బియ్యమున ముక్కు పురుగు పడకుండ నీడనెండిన వేపాకు పొరలుగా వేసి, గాలి చొరని డబ్బాలో పోసి, నెలకొకసారి తిరుగబోయవలెను. పాత డబ్బా అడుగు తుడువక దానిపైననే క్రొత్త బియ్యము పోసినచో పురుగును మనమే పెంచినట్లగును. గోదాములలో వాడెడు విషపు బిళ్లలను ఇంటి బస్తాలలో నుంచువారును కలరని విని నేను భయపడితిని; అది ప్రాణాంతకమగు పని, ఎవరును చేయరాదు. బెల్లము వానలకు చెమర్చును గనుక దానిని వేసవిలోనే పొడిజాడీలో చేర్చవలెను. ఉల్లిని బంగాళాదుంపలతో కలిపి యుంచరాదు. ఈ చిన్న చిన్న తెలివిడులన్నియు ఒక తరము వెనుకవరకు ప్రతి యింటను ఉన్నవే. వారమున కొకసారి ప్యాకెట్లు తెచ్చుకొను అలవాటు వచ్చి వానిని మరపించినది.

పాలు, కూరగాయలు నిలువకు లొంగనివి. కూరగాయల సంగతి రైతుబజార్లు చూచుకొన్నవి. ఇరుకు బజార్లను పాఠశాలల ఆటస్థలములలోనికి మార్చి, నేలపై ముగ్గుతో గుండ్రములు గీచి, ఒక్కొక్కరిని ఒక్కొక్క గుండ్రములో నిలిపిరి. కొన్న సంచులను సబ్బునీట కడుగుట అందరివలె మేమును చేసితిమి. వస్తువులను తాకుటవలన ఆ వ్యాధి సోకుట అరుదని శాస్త్రజ్ఞులు తరువాత తేల్చిరి.

మా వీధిలోని కొట్టు యజమాని ఆ దినములలో చూపిన న్యాయబుద్ధి మాత్రము విస్తరించి చెప్పదగినది. ఎవరికైనను బియ్యము 5 కిలోలు, పప్పు 2 కిలోలకు మించి యిచ్చెడివాడు కాడు. బస్తా కావలెనని పట్టుబట్టిన ఒక పెద్దమనిషితో ఆయన, “అయ్యగారూ, మీకు బస్తా ఇచ్చేస్తే మీ వెనక నిలబడ్డవాళ్లకి ఏమివ్వమంటారు? వారానికి సరిపడా తీసుకెళ్లండి. మళ్లీ వస్తే నేనే ఇస్తానుగా” అని మెల్లగా చెప్పుట నేను వింటిని. ఆ వెనుక నిలుచున్నవారిలో కూలిపనులు ఆగిపోయిన తాపీమేస్త్రీ భార్యయు, నాలుగిండ్లలో పనిచేసుకొను అమ్మాయియు నుండిరి. వీరెన్నడును నెల సరుకు కొనినవారు కారు. పావుకిలో నూనె, నూరు గ్రాముల చింతపండు, పది రూపాయల ఉల్లి. ఏనాటి కూలి ఆనాటి పొట్లము. మనము ఒక్క డబ్బా అధికముగా కొన్నచో కొరతపడునది ఇట్టివారి పొట్లమే.

ప్రభుత్వములు ఊరకుండలేదు. కేంద్రము మనిషికి నెలకు 5 కిలోల బియ్యమో గోధుమలో, కుటుంబమునకు కిలో పప్పు చొప్పున మూడు నెలలు ఉచితముగా ఇచ్చునని మార్చి 26న ప్రకటించినది. తెలంగాణలో తెల్లకార్డు కుటుంబములకు మనిషికి 12 కిలోల బియ్యము, కుటుంబమునకు 1500 రూపాయలు. ఆంధ్రలో బియ్యముతోపాటు కిలో కందిపప్పు. అది లేకున్న ఎన్ని కొంపలు మునిగెడివో. అయినను అన్నము ఒక్క బియ్యముతో కాదు; నూనె, ఉప్పు, కారము, చింతపండు కొట్టునుండి రావలసినవే.

నిలువయొక్క సార్థకతను నేను పూర్ణముగా చూచినది ఏప్రిల్, మే నెలలలో, 16వ నెంబరు జాతీయ రహదారిపైన. తమ ఊళ్లకు కాలినడకన పోవుచున్న వలసకూలీలు, చంకన బిడ్డలతో, ఎండలో, ఉత్తరముగా సాగిపోవుచుండగా, దారి పొడవున ఊరివారు మజ్జిగ కుండలును అన్నపు పొట్లములును పట్టుకొని నిలిచిరి. మా వీధివారు వండి పంపినది పులిహోర. అందులో బియ్యము, చింతపండు, నూనె, పసుపు, ఎండుమిరపకాయలు, ఆవాలు, వేరుశనగపప్పు. ఒక్కటైనను ఆనాడు బజారునుండి తేవలసినది లేదు. చింతపండు పులుసును నూనెయు పట్టియుండుటచేత ఎండలోనైనను మరునాటి ఉదయమువరకు చెడదు. నడచువానికి అంతకంటె అనువగు అన్నము లేదు. ఎవరి యింటిలో మాఘమాసపు చింతపండు జాడీనిండ యున్నదో ఆ యింటివారే మొదట ముందుకు వచ్చిరి. గుంటూరు మిర్చి యార్డు ఆ వారములలో మూతపడియుండగా, ఆవకాయ కాలమునకు కారమెక్కడినుండి వచ్చునని ఆందోళనపడినవారికి, ఫిబ్రవరిలోనే కాయ కొని దాచిన ఇల్లాండ్రు సోలెడో తవ్వెడో పంచియిచ్చుటయు నేనెరుగుదును.

కనుక పాఠకులకు నా విన్నపము ఇది. గాదెలు కట్టుకొను వసతి నేటి అపార్టుమెంట్లలో లేదు. రెండు స్టీలు డ్రమ్ములకును నాలుగు జాడీలకును చోటు అందరికిని దొరకును. ఈ యేడు క్రొత్త చింతపండు వచ్చినపుడు ఏడాదికి సరిపడునది కొని ఉప్పువేసి పెట్టుడు. మిరపకాయలు కాయలుగానే తెచ్చుకొనుడు. పప్పులు కోతల కాలమున తీసికొని బాల్కనీలో ఒక్కనాడైనను మంచి యెండ చూపుడు. బియ్యము రెండు మూడు నెలలకు మించి వలదు. మరల ఎన్నడైనను మహమ్మారి వార్త వచ్చిననాడు, మీరు ఇంటనున్నదానితో ఒక పక్షము గడిపి, కొట్టువైపు పోకుండుడు. ఆ పదునైదు దినములును కొట్టులోని సరుకు పొట్లము కొనువారికి కావలెను.